మెదడు కాపలా కణాలు – మతిమరుపు జబ్బు

వయసు మళ్లిన తల్లిదండ్రులను ఓపీకి తీసుకువచ్చే కుటుంబాలు తరచుగా మమ్మల్ని అడిగే మాట ఒకటుంది: "మతిమరుపు బాగా ఎక్కువైందండీ, రోగనిరోధక శక్తి పెరిగే టానిక్ ఏదైనా రాయండి." ఈ మాటలో పెద్దలపట్ల ప్రేమ ఉంది. అయితే మెదడు విషయంలో రోగనిరోధక శక్తి తగ్గినా కీడే, మితిమీరినా కీడే. అది ఎలాగో తెలుసుకుందాం.

పుట్టుకతో వచ్చిన రక్షణ

టీకాలతో సంబంధం లేకుండా, పుట్టుకతోనే మనకు కొంత రక్షణ ఉంటుంది. మెదడులో ఈ పని చేసేవి మైక్రోగ్లియా అనే చిన్న కణాలు. స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఒర్టెగా 1919లో వీటికి ఆ పేరు పెట్టారు. ఇవి సన్నని కొమ్మలు చాచి చుట్టుపక్కల తడుముతూ, చనిపోయిన కణాలను, చెత్తను మింగి శుభ్రం చేస్తాయి.

ఏది చెత్తో, ఏది శత్రువో వీటికి ఎలా తెలుస్తుంది? వీటి పైపొర మీద రిసెప్టర్లు, అంటే గ్రాహకాలు ఉంటాయి. తాళంలో సరైన తాళంచెవి పడినట్లు, తగిన పదార్థం తగలగానే ఇవి కణాన్ని మేల్కొల్పుతాయి. వీటిలో టోల్ గ్రాహకాలు ముఖ్యమైనవి. జూల్స్ హాఫ్‌మన్ 1996లో పండ్ల ఈగలలోను, బ్రూస్ బ్యూట్లర్ 1998లో ఎలుకలలోను వీటి పనిని వెల్లడించారు. ఇద్దరికీ 2011లో నోబెల్ బహుమతి లభించింది.

తగ్గితే ఏమవుతుంది?

అల్జీమర్స్ జబ్బులో అమిలాయిడ్ అనే మాంసకృత్తు మెదడులో ముద్దలుగా పేరుకుంటుంది. కాపలా కణాలు ఆ ముద్దల చుట్టూ చేరి కంచె కట్టడానికి ట్రెమ్-2 అనే గ్రాహకం అవసరం. దీని జన్యువులో ఒక అరుదైన మార్పు ఉన్నవారికి అల్జీమర్స్ వచ్చే అవకాశం సుమారు మూడు రెట్లని 2013లో రెండు పరిశోధక బృందాలు ప్రకటించాయి.

మితిమీరితే ఏమవుతుంది?

టోల్ గ్రాహకాలు అమిలాయిడ్‌ను కూడా శత్రువుగా భావించి గంట మోగించగలవని ప్రయోగశాలల్లో తేలింది. సూక్ష్మక్రిమి చస్తే గంట ఆగుతుంది. అమిలాయిడ్ ముద్ద మాత్రం అక్కడే ఉంటుంది కనుక గంట ఆగదు. కాపలా కణాలు విడుదల చేసే ఘాటైన రసాయనాలు కాలక్రమంలో ఆరోగ్యంగా ఉన్న నాడీకణాలనే దెబ్బతీస్తాయి.

మరి మందులు?

వాపు తగ్గించే నాప్రాక్సెన్, సెలెకాక్సిబ్ మాత్రలను అమెరికాలో రెండువేలకు పైగా వృద్ధులపై పరీక్షించారు. గుండెకు హాని కలుగుతుందేమోనన్న అనుమానంతో 2004లో మాత్రలు ఆపివేశారు. మతిమరుపు నుండి రక్షణ కూడా కనబడలేదు. ట్రెమ్-2ను ఉత్తేజపరిచే ఒక మందు సైతం జబ్బు వేగాన్ని తగ్గించలేదని 2024లో తేలింది. కాబట్టి జ్ఞాపకశక్తి కోసమని నొప్పిమాత్రలు రోజూ మింగకండి. కడుపు, మూత్రపిండాలు పాడవుతాయి. పొడులకు, టానిక్కులకు అప్పు చేయకండి.

మనం చేయగలిగినవి

• మతిమరుపు రోజువారీ పనులకు అడ్డం వస్తుంటే "వయసులే" అనుకోక డాక్టరుకు చూపించండి. థైరాయిడ్ లోపం, బి12 లోపం, మనోవ్యాకులత వల్ల కూడా మతిమరుపు రావచ్చు. వీటికి చికిత్స ఉంది.

• బీపీ, షుగర్, కొలెస్టరాల్ అదుపులో ఉంచుకోండి. పొగ మానండి, రోజూ నడవండి. వినికిడి తగ్గితే మిషన్ పెట్టించండి. ఇలాంటి 14 కారణాలను సరిచేస్తే ప్రపంచంలో దాదాపు 45 శాతం మతిమరుపు జబ్బులను నివారించవచ్చు లేదా వాయిదా వేయవచ్చు అని 2024లో లాన్సెట్ నిపుణుల సంఘం తెలిపింది.

• మతిమరుపు ఉన్న పెద్దలు ఒక్కసారిగా తికమకపడినా, మగతగా ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి. మూత్రంలోనో, ఊపిరితిత్తులలోనో ఇన్ఫెక్షన్ ఉండవచ్చు. ఒంట్లో ఎక్కడ ఇన్ఫెక్షన్ వచ్చినా ఆ సెగ మెదడులోని కాపలా కణాలకూ తగులుతుంది.

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షలమందికి ఈ జబ్బు ఉన్నట్లు అంచనా. అడిగిందే పదిసార్లు అడుగుతున్నారని వారిని కసురుకోకండి. వారు కావాలని చేయడం లేదు. మెదడు లోపల జరుగుతున్న పోరాటం వారి చేత అలా అడిగిస్తున్నది. పదకొండోసారి కూడా నెమ్మదిగానే జవాబు చెప్పండి.