తలుపు తెరవని తాళపుచెవి

ఇరుగుపొరుగున ఎవరికైనా గుండెజబ్బు వచ్చిందని తెలిస్తే పరామర్శకు వెళతాం, ఆరోగ్యం కోసం దుఆ చేస్తాం. అదే మన ఇంటి యజమానికో, ఎదిగిన కొడుక్కో తాగుడు అలవాటైతే మాత్రం తలుపులు వేసుకొని కూర్చుంటాం. మత్తు నిషిద్ధమని చిన్నపిల్లలకు సైతం తెలిసిన ఇళ్ళు మనవి. కాబట్టే అవమానభారం ఎక్కువ, ఆసుపత్రి గడప తొక్కేవారు తక్కువ. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో మద్యం వల్ల చికిత్స అవసరమైన స్థితికి చేరినవారు సుమారు 5.7 కోట్లమంది. ఆ చికిత్సలో వాడే మందుల్లో ఒకటైన నాల్ట్రెక్సోన్ గురించి ఈ నెల తెలుసుకుందాం.

తాళం - తాళపుచెవి

గసగసాల కాయపై గాటు పెడితే కారే పాలు గట్టిపడి నల్లమందు అవుతుంది. మార్ఫిన్, కోడీన్ దానిలోనివే. మార్ఫిన్ నుంచి హెరాయిన్ తయారవుతుంది. ఈ కోవకు చెందిన పదార్థాలన్నిటినీ ఓపియాయిడ్లు అంటారు. నొప్పికి వాడే ట్రమడాల్ మాత్ర కూడా ఈ జాతిదే. మెదడులోని నాడీకణాలపై వీటిని అందుకొనే గ్రాహకాలు ఉన్నాయని 1973లో శాస్త్రజ్ఞులు నిరూపించారు. మరో రెండేళ్ళకు, శరీరం తనంతట తానే తయారుచేసుకొనే ఇటువంటి పదార్థాలు బయటపడ్డాయి. నొప్పిని ఓర్చుకోవటానికి, మనసు కుదుటపడటానికి సృష్టికర్త మన దేహంలోనే చేసిపెట్టిన ఏర్పాటు ఇది.

గ్రాహకం తాళమైతే, ఓపియాయిడ్ దాని తాళపుచెవి. నాల్ట్రెక్సోన్ ఆ తాళంలో దూరి కూర్చుంటుంది, తలుపును మాత్రం తెరవదు. అది ఉన్నంతసేపు అసలు చెవికి చోటు ఉండదు. అప్పుడు హెరాయిన్ తీసుకున్నా మామూలుగా కలిగే మత్తు కలగదు.

మద్యం ఈ జాతికి చెందింది కాదు. అయితే తాగినప్పుడు దేహంలోని సహజ ఓపియాయిడ్లు విడుదలై ఆ హాయిని కలిగిస్తాయి. నాల్ట్రెక్సోన్ ఆ దారిని మూసివేయటంతో తాగినా మునుపటి హాయి దొరకదు, క్రమంగా తహతహ తగ్గుతుంది. దీన్ని అమెరికా ప్రభుత్వం 1984లో ఓపియాయిడ్ వ్యసనానికి, 1994లో మద్య వ్యసనానికి అనుమతించింది. సాధారణంగా రోజుకు 50 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి ఇస్తారు. నెలకొకసారి కండరానికి ఇచ్చే ఇంజక్షన్ రూపం 2006లో అక్కడ ఆమోదం పొందింది.

ఇది కూడా మత్తేనా?

మన పాఠకులకు కలిగే మొదటి సందేహం ఇదే. ఈ మందును గసగసాల మొక్కలో ఉండే థెబెయిన్ అనే పదార్థం నుంచి రసాయన ప్రక్రియల ద్వారా తయారుచేస్తారు. అయినా దీనిలో మత్తు లేదు, ఇది అలవాటుగా మారదు. మానివేసినప్పుడు ఒళ్ళు నొప్పులు, వణుకు వంటి బాధలూ ఉండవు. రోజుకొకసారి వేసుకొనే మాత్ర కావటంతో రమజాన్ ఉపవాసాల్లో ఇఫ్తార్ తర్వాత వేసుకొనే వీలు గురించి వైద్యునితో మాట్లాడుకోవచ్చు. భోజనం తర్వాత వేసుకుంటే వికారం కూడా తక్కువగా ఉంటుంది.

జాగ్రత్తలు

వికారం, తలనొప్పి, తల తిరగటం, నీరసం, నిద్ర సరిగా పట్టకపోవటం కొందరిలో కనిపిస్తాయి. మందు మొదలుపెట్టేముందు కాలేయ పరీక్ష చేయిస్తారు. తీవ్రమైన కాలేయ వ్యాధి ఉన్నవారికి ఇది తగదు.

ఓపియాయిడ్లు వాడుతున్న వ్యక్తి వాటిని పూర్తిగా మానిన 7 నుంచి 10 రోజుల తర్వాతనే దీన్ని ప్రారంభించాలి. లేకుంటే వాంతులు, విరేచనాలు, భరించరాని ఒళ్ళునొప్పులు ఒక్కసారిగా ముంచుకొస్తాయి. అందువల్ల సోదరీమణులకు ఒక మనవి. అన్నంలో రహస్యంగా కలిపిపెట్టే ‘తాగుడు మాన్పించే మందు’ జోలికి పోకండి. అతను ఏయే మాత్రలు మింగుతున్నాడో మీకు తెలియకపోవచ్చు. అతనికి చెప్పి, అతని సమ్మతితోనే వైద్యం జరగాలి.

శస్త్రచికిత్స గాని, ప్రమాదం గాని సంభవిస్తే ఈ మందు వాడుతున్న సంగతి వైద్యులకు తప్పక చెప్పాలి. మార్ఫిన్ వంటి నొప్పి మందులు వారిపై సరిగా పనిచేయవు. కొంతకాలం వాడి మానివేసిన తర్వాత మళ్ళీ పాత మోతాదులో హెరాయిన్ తీసుకుంటే ప్రాణానికే ముప్పు. అప్పటికి శరీరం ఆ మోతాదును తట్టుకొనే శక్తిని కోల్పోయి ఉంటుంది. అలాంటి వేళ శ్వాస మందగించి, పెదవులు నీలిరంగుకు మారితే క్షణం ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయాలి. నాలోక్సోన్ అనే సోదర ఔషధం కొన్ని నిమిషాల్లోనే శ్వాసను తిరిగి నిలబెడుతుంది. దాని ప్రభావం త్వరగా తగ్గిపోతుంది గనుక రోగి తేరుకున్నా ఆసుపత్రిలోనే ఉంచాలి.

మందు చేయలేనిది

నాల్ట్రెక్సోన్ సర్వరోగ నివారిణి కాదు. కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం వంటి వాటి వ్యసనానికి ఇది విరుగుడు కాదు. ఏళ్ళ తరబడి విపరీతంగా తాగేవారు హఠాత్తుగా మానితే ఫిట్స్, మతిభ్రమణం రావచ్చు. దానికి ఆసుపత్రిలో వేరే చికిత్స అవసరం. మాత్ర తహతహను తగ్గిస్తుందే గాని పాత స్నేహాలను, ఖాళీ సాయంత్రాలను మార్చలేదు. ఆ పని అతని సంకల్పానిది, మన సహనానిది.

మాదకద్రవ్యాల విషయంలో సలహాకు 14446, మానసిక ఆరోగ్య సహాయానికి 14416 ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబర్లు. మస్జిదు గడపనుంచి సిగ్గుతో తప్పుకు తిరిగే ఆ మనిషి మన కొడుకో, తమ్ముడో కావచ్చు. తౌబా ద్వారం అతని కోసం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వైద్యుని ద్వారం దాకా అతని చేయి పట్టుకొని నడిపించవలసింది మనమే.