గట్టుమీది చెట్టును, పైరు వేళ్లును

గట్టున చెట్టున్నచో నీడపడి గింజ తగ్గునని రైతులు మాతో తఱచుగా చెప్పుచుందురు. అది నిజమే; చెట్టు దాపున రెండు మూడు సాళ్లు పలుచబడుట మేమును చూచుచున్నాము. కాని నేలక్రింద జరుగు వ్యవహారము వేఱు.

హైదరాబాదులో తార్నాకను ఆనుకొనియున్న ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపబడినది. అచ్చటి వృక్షశాస్త్రశాఖలో ఆచార్య సి. మనోహరాచారిగారు మొదలగువారు మొక్కల వేళ్లలో నివసించు శిలీంధ్రములను పరిశోధించిరి. ఇది యొకజాతి బూజు. సూక్ష్మదర్శినిలో గాని కనబడదు. దాని సన్నని పోగులు వేరు దూరలేని సందులకు ప్రాకి భాస్వరమును తెచ్చి మొక్కకిచ్చును. బదులుగా, ఆకులు వండిన చక్కెరను గైకొనును. మన సంఘములో అప్పు, చెల్లింపు వంటిదే యనవచ్చును! సూపరుఫాస్ఫేటు మితిమీఱి చల్లినచో మొక్క దీనిని దరిజేరనీయదు.

సజీవమైన వేరు లేక ఈ బూజు పెరుగనేరదు. దాని బీజకణములు మంటిలో కొంతకాలము నిలుచును గాని, చేను వట్టిగానున్న వేసవిలో దానికి ఆశ్రయము గట్టుమీది వేప, కానుగల వేళ్లే. తొలకరిని అచ్చటినుండి పైరువేళ్లకు వ్యాపింపగలదు. మఱియు కానుగ వేళ్లకు వేరుసెనగకువలె బుడిపెలుండి, వానిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టును.

కావున చెట్టును మొదలంట నఱుకక, ఏటేట నాట్లకు ముందు కొమ్మలుమాత్రము కొట్టి, కానుగ ఆకును దమ్ములో పచ్చిరొట్టగా త్రొక్కింపుడు. నీడయు తగ్గును.