ఇంట్లో అందరూ కలిసి ఆడే ఆటను ఎంచుకోవడం

వేసవి సెలవుల్లో ఒక తల్లి తన పదేళ్ళ కొడుకును మన ఔట్‌పేషెంటు విభాగానికి తీసుకువచ్చింది. తలనొప్పి, కళ్ళు మంటలు. "పొద్దుగాల లేస్తె ఫోనే సిస్టరమ్మా, అన్నం గూడ ఫోను జూసుకుంటనే తింటడు" అన్నది. డాక్టరుగారు పరీక్షించి, ఫోను తగ్గించమని చెప్పి పంపించారు. ఆమె గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చి నన్ను అడిగింది: "ఫోను గుంజుకుంట సరే, మరి వాడు ఏం జెయ్యాలె?"

న్యాయమైన ప్రశ్న. తీసేయమని చెప్పడం మాకు అలవాటు, దాని స్థానంలో ఏం పెట్టాలో చెప్పడం తక్కువ. రెండు నుండి నాలుగేళ్ళ పిల్లలు రోజుకు ఒక గంటకు మించి తెర ముందు కూర్చోకూడదని, ఏడాది నిండని వారికి అసలు తెర చూపించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మిగిలిన గంటల్లో ఏం చేయాలన్నది ఇంట్లోవాళ్ళే చూసుకోవాలి. అందుకే ఈ నెల ఈ పేజీలో ఆటల గురించి రాస్తున్నాను.

దుకాణానికి వెళితే అట్టపెట్టె మీది బొమ్మ చూసి ఆట కొంటాం. రెండు రోజులకు అది అటక మీదికి చేరుతుంది. నా సలహా వేరు. ముందు మీ ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళు ఎవరు, అందరికంటే పెద్దవాళ్ళు ఎవరు, అందరూ కలిసి కూర్చోవడానికి ఎంత సమయం దొరుకుతుంది అని చూసుకోండి. ఆ తర్వాతే పెట్టె సంగతి.

చిన్నవాళ్ళతో మొదలుపెడతాను, ఎందుకంటే ప్రమాదం అక్కడే ఉంది. మూడేళ్ళ లోపు బిడ్డ పాకే, నడిచే ఇంట్లో నోట్లో పూర్తిగా పట్టే గవ్వ, పాచిక, గింజ, కేరం బిళ్ళ ఏదీ నేల మీద వదిలేయవద్దు. ఆట అయిపోగానే లెక్కపెట్టి డబ్బాలో వేయండి. బిడ్డ గొంతులో ఏదైనా అడ్డుపడి గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. కనపడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి వెతికితే అది ఇంకా లోపలికి పోతుంది. ఏడుపు, దగ్గు రాకుండా ముఖం నీలంగా మారుతుంటే అది అత్యవసరం. వెంటనే 108కి ఫోను చేయించండి.

వామనగుంటలు ఆడేవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. పద్నాలుగు గుంటల పీటలో కొందరు చింతగింజలు పోస్తారు, కొందరు గవ్వలు, కొందరు అందంగా ఉన్నాయని ఎర్రటి గురివింద గింజలు పోస్తారు. గురివింద గింజలో అబ్రిన్ అనే విషం ఉంది. పైతొక్క గట్టిది కాబట్టి మింగిన గింజ ఒక్కోసారి అలాగే బయటికి పోవచ్చు. కానీ నమిలినా, దండ కోసం చిల్లు పొడిచిన గింజను మింగినా ప్రాణం మీదికి రావచ్చు. వాంతులు, రక్త విరేచనాలు కొన్ని గంటల తర్వాత మొదలవుతాయి కనుక, "బాగానే ఆడుకుంటున్నాడు కదా" అని ఇంట్లో కూర్చోవద్దు. చింతగింజలకు ఏ లోటూ లేదు, ఖర్చు అంతకన్నా లేదు.

కేరం బోర్డు మీద చల్లే తెల్లటి పొడి చాలాసార్లు బోరిక్ పౌడరే. మన చర్మం మీద వేసుకునే పౌడరు లాంటిది కాదు, కడుపులోకి పోతే హాని చేస్తుంది. ఆట మధ్యలో అదే చేత్తో మిక్చరు తినే అలవాటు మా ట్రైనింగు రోజుల్లో హాస్టల్లో అందరికీ ఉండేది, నాకూ ఉండేది. చేతులు కడుక్కుని తినండి. ఇక లైట్లు వెలిగి పాటలు పాడే ఆటబొమ్మల్లో బొత్తాం అంత బ్యాటరీ ఉంటుంది. బిడ్డ దాన్ని మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా నేరుగా ఆసుపత్రికి రండి.

ఇక పెద్దవాళ్ళు. ఒక నాయనమ్మ పక్షవాతంతో మన ఫిమేల్ వార్డులో ఉన్నారు. కుడిచెయ్యి బలహీనపడింది. రబ్బరు బంతి ఇచ్చి నొక్కమంటే రెండుసార్లు నొక్కి పక్కన పెట్టేవారు. సాయంత్రం మనవరాలు వచ్చి మంచం మీది ట్రేలో సుద్దముక్కతో అష్టాచెమ్మా గీసింది. నాలుగు గవ్వలు ఏరుకోవాలి, గుప్పిట్లో ఆడించాలి, వేయాలి. ఆమె ఎడమచేత్తో వేయబోతే మనవరాలు "అది తొండి" అన్నది. ఆ అరగంటలో ఆ కుడిచెయ్యి ఎన్నిసార్లు మూసి తెరిచారో నేను లెక్కపెట్టలేదు కానీ, బంతితో వారం రోజుల్లో చేసిన దానికన్నా ఎక్కువే. గవ్వ కింద పడితే ఏరుకునేటప్పుడు బొటనవేలు, చూపుడువేలు కలవాలి, అదే మేం చేయించాలనుకున్న వ్యాయామం. ఫిజియోథెరపిస్టు చెప్పినవి మానేసి ఇది ఒక్కటే చేయమని నేను అనడం లేదు, రెండూ చేయండి.

తెలియని పిల్లల కోసం ఆట సంగతి చెబుతాను. ఐదు వరుసల్లో ఐదేసి గడులు, మొత్తం 25. నలుగురు ఆడతారు, ఒక్కొక్కరికి నాలుగు కాయలు. బయటి 16 గడులు చుట్టి, లోపలి 8 గడుల్లోకి వెళ్ళి, నడి ఇంట్లో పండాలి. గవ్వలు నాలుగూ వెల్లకిల పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్ల పడితే అష్ట, ఎనిమిది. ఎదుటివారి కాయను ఒక్కటైనా చంపనిదే లోపలికి పోరాదని చాలా ఇళ్ళలో పట్టు. గవ్వలు లేకపోతే చింతగింజలను ఒకవైపు తెల్లగా అరగదీసుకోండి. అరగదీయడమే పిల్లలకు ఒక పూట పని.

మతిమరుపు విషయం కూడా చాలామంది అడుగుతున్నారు. అమెరికాలో 75 ఏళ్ళు దాటిన 469 మందిని కొన్నేళ్ళపాటు గమనించి 2003లో ఒక వైద్య పత్రికలో ఫలితాలు ప్రచురించారు. చదవడం, బోర్డు ఆటలు ఆడడం, వాయిద్యం వాయించడం, నాట్యం చేయడం అలవాటున్నవారిలో మతిమరుపు జబ్బు తక్కువగా కనిపించింది. ఆట ఆడితే జబ్బు రాదని దీని అర్థం కాదు. జబ్బు మెల్లగా మొదలవుతున్నవారు ముందే ఆటలు మానేసి ఉండవచ్చు కూడా. అయినా తాతను మూలన టీవీ ముందు వదిలేయడం కన్నా పులి-మేక ఆటకు పిలవడం మేలు. మూడు పులులు, పదిహేను మేకలు. పులులు ఎక్కువ మేకలను తినాలి, మేకలు పులులను కదలకుండా కట్టాలి. తాతకు మేకలు ఇవ్వండి, ఓపిక ఆయనకే ఎక్కువ. మోకాళ్ళ నొప్పులున్నవారిని కింద కూర్చోబెట్టవద్దు, పటాన్ని బల్ల మీద పెట్టండి. షుగరు ఉన్నవారు అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయాలి.

సమయం గురించి. గోదావరిఖని, మంచిర్యాల వైపు సింగరేణి కుటుంబాల్లో తండ్రి షిఫ్టు మారినప్పుడల్లా ఇంటి గడియారమే మారుతుంది. అలాంటి ఇంటికి రెండు గంటలు సాగే వ్యాపారం ఆట తగదు, మధ్యలో ఎవరో ఒకరు నిద్రకు పోతారు. ఇరవై నిమిషాల్లో అయిపోయేవి, లూడో, కేరం ఒక బోర్డు, చాలు. జగిత్యాల, నిర్మల్ వైపు ఎందరో తండ్రులు గల్ఫ్‌లో ఉన్నారు. వాళ్ళకు చదరంగం చెబుతాను. ఇక్కడొక బల్ల, అక్కడొక బల్ల, ఫోనులో ఎత్తు చెప్పుకుంటే సరి, రోజుకు రెండెత్తులు వేసినా ఆట సాగుతుంది. డబ్బులు పంపారా, ఫీజు కట్టారా అనే మాటల తర్వాత తండ్రికీ కొడుక్కీ మాట్లాడుకోవడానికి ఇంకొక సంగతి ఉంటుంది. హన్మకొండ కుర్రవాడు అర్జున్ ఇరిగేశి 2018లో పదిహేనేళ్ళు నిండకుండానే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడని చెప్పండి, పిల్లలకు హుషారు వస్తుంది.

పేకల గురించి రాయకపోతే కొందరికి కోపం, రాస్తే కొందరికి కోపం. మన సంఘ కుటుంబాల్లో పేకముక్క గడప దాటకూడదనేవారు ఉన్నారు. వారి భయం ఊరికే వచ్చింది కాదు. నా మటుకు నేను ముక్కను కాగితంగానే చూస్తాను, జబ్బు డబ్బులో ఉంది. మన నిర్మల్ నకాషీలు ఒకప్పుడు గుండ్రటి గంజిఫా పేకలకు ఎంత అందంగా రంగులు వేసేవారో! ఇంట్లో ఆడుకోవాలంటే 'గాడిద' ఉంది, 'సెవెన్స్' ఉంది. నాలుగైదేళ్ళ బిడ్డతో అయితే పది జతల ముక్కలు బోర్లించి, రెండేసి తిప్పి జత కలిపే ఆట ఆడండి. అందులో పెద్దవాళ్ళే ఓడిపోతారు, నేను ఓడిపోయాను.

పందెం మాత్రం పావలా అయినా వద్దు. సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో రమ్మీ ముఖ్యంగా నేర్పుతో ఆడే ఆటే అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. ఆ మాట పట్టుకుని ఎందరో ఫోనులో డబ్బు పెట్టి ఆడారు. తెలంగాణ 2017లో తన చట్టాన్ని సవరించి దాన్ని అడ్డుకున్నది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. అర్ధరాత్రి క్యాజువాలిటీలో పురుగుమందు తాగిన పిల్లవాడి కడుపు కడిగేటప్పుడు, బయట బెంచీ మీద వాళ్ళ బాపు అప్పు లెక్క చెబుతూ ఏడ్వడం నేను చూశాను. మీ ఇంట్లో ఎవరైనా రాత్రిళ్ళు ఫోను దాచుకుంటుంటే, అప్పులు అడుగుతుంటే, తిట్టకుండా కూర్చోబెట్టి అడగండి. చనిపోతానన్న మాట నోట వస్తే ఒంటరిగా వదలవద్దు. 14416కు ఫోను చేస్తే టెలి మానస్‌లో తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

ఫిమేల్ వార్డు ట్రేలో గీసిన పటం కడిగేస్తుంటే పేషెంట్లు వద్దన్నారు. ఇప్పుడు వరండాలో బెంచీ పక్కన పెయింటుతో గీయించాం. గవ్వల డబ్బా డ్యూటీ సిస్టరు బల్ల మీద ఉంటుంది. అడిగి తీసుకోండి, తిరిగి ఇచ్చేటప్పుడు నాలుగూ ఉన్నాయో లేదో లెక్కపెట్టి ఇవ్వండి.