గంజీఫా: పెరిగిన రంగులు, మారిన పోటీ

పేకముక్కలన్నంతనే పెద్దలకు జూదం స్ఫురించడం సహజం. గంజీఫా మాత్రం ముఖ్యంగా జ్ఞాపకశక్తికి పరీక్ష. 1527లో బాబరు సింధు పాలకుడు షా హసన్‌కు గంజీఫా పంపినట్లు తన ఆత్మకథలో వ్రాసుకున్నాడు. తరువాత స్థిరపడిన మొగలు గంజీఫాలో 8 రంగులు, రంగుకు 12 చొప్పున 96 గుండ్రని ముక్కలు. ప్రతి రంగులోను మీర్, వజీర్, ఆపైన అంకెలు. తాజ్, షంషేర్ వంటి నాలుగు రంగులలో పది పెద్దది. చంగ్, బరాత్ వంటి తక్కిన నాలుగింటిలో వజీరు తరువాతి స్థానం ఒకటిది! క్రొత్తవారు తడబడేది ఇక్కడే.

మన దేశంలో దశావతారాలు చేరి రంగులు 10, ముక్కలు 120 అయ్యాయి. ఇది కేవలం అలంకారం కాదు. తురుపు లేని ఆట కావడంచేత, ఏ రంగులో పై ముక్కలు వెళ్ళిపోయాయో గుర్తున్నవాడు చిన్న ముక్కతోనైనా గెలుస్తాడు. ముగ్గురాడితే ఒక్కొక్కరి చేతికి 32 బదులు 40 వచ్చాయి. అదృష్టంకంటె ధారణ బలీయమైంది. మైసూరు ప్రభువు మూడవ కృష్ణరాజ ఒడయరు రంగులను ఇంకా పెంచి క్రొత్త ఆటలు కల్పించాడు. అంత విస్తారమైనవి రాజప్రాసాదం దాటి వ్యాపించకపోవడంలో ఆశ్చర్యమేమున్నది?

1993లో అమెరికాలో వెలువడిన ‘మ్యాజిక్’ అనే కార్డుల ఆటకు తొలి అనుబంధం అలిఫ్ లైలా కథలపైననే నిర్మితమైంది. అందులోని అలెగ్జాండ్రియా గ్రంథాలయపు కార్డు ఎంత బలమైనదంటే, పోటీలలో ఒక్కటికి మించి వాడరాదని కట్టడి చేయవలసివచ్చింది. గంజీఫాలో ఆ చిక్కు లేదు. అందరికీ పంచేది ఒకే కట్ట.

మన రాయలసీమలోనే నొస్సం చిత్రకారులు ఒకప్పుడు ఈ ముక్కలను చిత్రించారు. నేడు నియమాలు తెలిసి ఆడగలవారు అరుదు. మన బుక్కరాయసముద్రంలో ఉర్దూ విద్యార్థికి ఆ రంగుల పేర్లు, తెలుగు విద్యార్థికి ఆ అవతారాలు పరిచితాలే. క్రీడాసంఘంవారు ఒక కట్ట అట్టముక్కలు సిద్ధం చేయించి ముగ్గురిని కూర్చోబెడితే చాలు.