ఉమ్మడి వేదికపై ఫంక్షనల్ భాషలు: ఎఫ్ షార్ప్ అనుభవం

ఫంక్షన్‌ను ప్రధాన నిర్మాణాంగంగా స్వీకరించిన కంప్యూటర్ భాషలను ఫంక్షనల్ భాషలు అంటారు. 1970లలో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో రాబిన్ మిల్నర్, ఆయన సహచరులు రూపొందించిన ఎం.ఎల్. వీటిలో ఒక ముఖ్య శాఖకు మూలం. ఇటువంటి భాషలు చాలాకాలం సొంత కంపైలర్లతో, సొంత లైబ్రరీలతో విడివిడిగానే మనుగడ సాగించాయి. 2002లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన డాట్‌నెట్‌లో ఏర్పాటు వేరు. ఏ భాషలో రాసిన ప్రోగ్రామైనా ముందుగా ఒకే మధ్యంతర భాషలోకి మారుతుంది. ఉమ్మడి రన్‌టైమ్ దానిని నడిపిస్తుంది. అందువల్ల ఒక భాషలోని లైబ్రరీని మరొక భాష నేరుగా వాడుకోగలదు.

అయితే ఈ వేదిక అన్ని భాషలకూ సమదూరంలో ఉన్నదని భావించడం సరికాదు. క్లాసు, ఆబ్జెక్టు, మెథడ్ అనేవే దాని మౌలిక భావనలు. ఫంక్షనల్ భాషలో ఫంక్షన్ కూడా సంఖ్యవలె ఒక విలువ. దానిని మరొక ఫంక్షన్‌కు అందించవచ్చు, ఫలితంగానూ పొందవచ్చు. ఎఫ్ షార్ప్ కంపైలర్ అటువంటి ఫంక్షన్‌ను ఆబ్జెక్టుగా మలచి, అది ఆధారపడిన పరిసర విలువలను అందులో భద్రపరుస్తుంది.

పునరావృతి విషయంలో చిక్కు మరింత లోతైనది. ఒక ఫంక్షన్ చేసే చిట్టచివరి పని మరొక ఫంక్షన్‌ను పిలవడమే అయితే, మొదటిదానికి స్టాక్‌లో చోటు నిలిపి ఉంచనక్కరలేదు. డాట్‌నెట్ మధ్యంతర భాషలో ఇందుకు ప్రత్యేక సూచన ఉంది. జావా కోసం పుట్టిన జేవీఎం అనే వేదికలో అది లేదు. కనుక అక్కడి స్కాలా కంపైలర్ తనను తాను పిలుచుకునే ఫంక్షన్లను మాత్రమే లూపులుగా మార్చగలుగుతుంది. క్లోజర్ భాషలో ప్రోగ్రామరే ‘రికర్’ అని స్పష్టంగా రాయాలి.

భాష వేదికకు లొంగడమే కాదు, వేదికను మార్చిన సందర్భమూ ఉంది. రకాలను పరామితులుగా స్వీకరించే జెనెరిక్స్ ఎం.ఎల్. సంప్రదాయానికి ప్రాణప్రదం. డాన్ సైమ్, ఆండ్రూ కెనెడీ వీటిని డాట్‌నెట్ రన్‌టైమ్‌లోనే నెలకొల్పే పద్ధతిని 2001లో ప్రతిపాదించారు. 2005లో అవి అమలులోకి వచ్చాయి. జావా 2004లో జెనెరిక్స్‌ను చేర్చుకున్నా, కంపైల్ అయ్యేటప్పుడే ఆ రకాల సమాచారాన్ని చెరిపివేస్తుంది. ఎఫ్ షార్ప్ రూపకర్త కూడా సైమే కావడం యాదృచ్ఛికం కాదు.

పూర్తిగా తెగని సమస్య ‘నల్’. ఎఫ్ షార్ప్‌లో నిర్వచించిన రకాలకు సాధారణంగా ఈ శూన్య విలువ చెల్లదు. కానీ సి షార్ప్ లైబ్రరీ నుంచి వచ్చే స్ట్రింగ్ నల్ కావచ్చు; కంపైలర్ ఇచ్చిన హామీ ఆ సరిహద్దు వద్దే ఆగిపోతుంది. 2024లో వచ్చిన ఎఫ్ షార్ప్ 9 దీనిని ముందే పసిగట్టి హెచ్చరించే సదుపాయం కల్పించింది. అదీ ప్రోగ్రామర్ కోరుకుంటేనే.