సీతారామరాజు స్థానంలో నిలిచినవారు: అపోహలు, వాస్తవాలు

మన్యం తిరుగుబాటు నాయకుడు అల్లూరి సీతారామరాజును గురించి ప్రచారంలో ఉన్న కథలను పరిశీలిస్తే, చాలావాటిలో ఒకరి చోటున మరొకరు వచ్చి నిలబడడం కనబడుతుంది. ఒక ఊరిని అదే పేరున్న మరో ఊరుగా, నటుని ముఖాన్ని వీరుని ముఖంగా, ఆయన మృతదేహాన్ని వేరొకరిదిగా, ఆయన వ్యూహాన్ని దివ్యదృష్టిగా పొరబడిన సందర్భాలే వీటిలో ఎక్కువ.

అపోహ: మన్యం తిరుగుబాట్ల చరిత్రలో వచ్చే చోడవరం, విశాఖపట్నం జిల్లా చోడవరమే.

వాస్తవం: 1879 నాటి రంప పితూరీకి (మన్యంలో తిరుగుబాటును పితూరీ అంటారు) సంబంధించిన ప్రభుత్వ పత్రాలలో వట్టి ‘చోడవరం’ అని రాసినది గోదావరి మన్యంలోని రంపచోడవరాన్ని గురించి, 1922 అక్టోబరులో సీతారామరాజు దళం వెళ్ళినదీ అక్కడికే. స్వయంభూ విఘ్నేశ్వరాలయానికీ, గోవాడ చక్కెర కర్మాగారానికీ పేరుపొందిన విశాఖ చోడవరం, అనకాపల్లి నుంచి మాడుగుల మీదుగా మన్యానికి ఎక్కే దారిలో ఉన్న మైదానపు ఊరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విభజించినప్పుడు ఇది అనకాపల్లి జిల్లాలోనూ, రంపచోడవరం అల్లూరి సీతారామరాజు జిల్లాలోనూ చేరాయి.

అపోహ: పటాలలో, విగ్రహాలలో కనబడే రూపమే సీతారామరాజు అసలు రూపం.

వాస్తవం: ప్రజలకు తెలిసిన ఆయన అసలు ఛాయాచిత్రం 1924 మే నెలలో మృతదేహానికి తీసినది. చనిపోయిన మనిషి ముఖాన్ని చూసి బతికున్న మనిషిని గీయవలసి రావడం ఏ చిత్రకారునికైనా కష్టమే కనుక, గడ్డం, కాషాయం, విల్లంబులు అనే మూడు గుర్తుల సాయంతో కళాకారులు ఆ లోటును పూడ్చారు. 1974లో వి. రామచంద్రరావు దర్శకత్వంలో, కృష్ణ నూరవ చిత్రంగా ‘అల్లూరి సీతారామరాజు’ విడుదలైన తరువాత, ఆ గుర్తుల వెనుక ఒక నటుని ముఖం కూడా స్థిరపడిపోయి, వీరుణ్ణి తలచుకోగానే నటుడే కళ్ళ ముందు మెదిలే స్థితి ఏర్పడింది. నటునికి ఇంతకంటే గొప్ప ప్రశంస ఉండదు గాని, చరిత్రకు మాత్రం ఇది ఇబ్బందే. విల్లంబుల బొమ్మ మరొక విషయాన్ని మరుగుపరుస్తుంది: 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై జరిగిన దాడుల లక్ష్యమే తుపాకులు, వాటిలో దళానికి 26 తుపాకులూ, రెండున్నర వేల వరకు తూటాలూ దొరికాయి. ఇక సినిమాల విషయానికే వస్తే, 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ చిత్రంలో సీతారామరాజు పోలీసు అధికారి కావడం, కొమురం భీంతో స్నేహం చేయడం పూర్తిగా కల్పన.

అపోహ: 1924లో ప్రాణాలు విడిచింది సీతారామరాజు పోలికలున్న మరొకడు, ఆయన సాధువుగా చాలాకాలం బతికాడు.

వాస్తవం: ఈ నమ్మకం పుట్టడానికి ప్రభుత్వ తీరే కారణమని చెప్పాలి. 1924 మే 7న మంప దగ్గర పట్టుబడిన మనిషిని న్యాయస్థానానికి పంపకుండా, కొయ్యూరులో మేజర్ గుడాల్ సమక్షంలో చెట్టుకు కట్టి కాల్చి, శవాన్ని కృష్ణదేవిపేటకు తెచ్చి ఫొటో తీసి దహనం చేశారు. విచారణ లేని మరణం అనుమానాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. దీనికి తోడు లోకంలో ఒకే పోలికతో ఏడుగురుంటారన్న మాట ఎలాగూ ఉంది. అయితే కెనడా ఛాయాచిత్రకారుడు ఫ్రాన్స్వా బ్రునెల్ వెతికి పట్టుకున్న పోలికల మనుషులలో 32 జంటలను పరీక్షించి స్పెయిన్ శాస్త్రవేత్తలు 2022లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ముఖాలను పోల్చే మూడు సాఫ్ట్‌వేర్లూ ఏకాభిప్రాయంతో ఒకే పోలిక అన్నవి 16 జంటలే. అంటే మనిషి కంటికి ఒకేలా తోచినవారిలో సగం మంది కొలతలలో విడిపోయారు.

చనిపోయాడనుకున్నవాడు తిరిగి వచ్చిన ఉదంతాలు లేకపోలేదు. తూర్పు బెంగాల్‌లోని భావాల్ జమీందారీ రెండవ కుమారుడు 1909లో డార్జిలింగులో మరణించాడని అందరూ నమ్మగా, 1921లో ఢాకాలో కనబడిన సన్యాసి తానే అతడినని చెప్పి, చివరకు 1946లో ప్రివీ కౌన్సిల్ (వలస పాలనలో అత్యున్నత అప్పీలు న్యాయస్థానం) తీర్పుతో గెలిచాడు. అక్కడ వెయ్యికి పైగా సాక్షులనూ, దేహంపై గుర్తులనూ ఏళ్ళ తరబడి పరీక్షించారు. సీతారామరాజు బతికి ఉన్నాడన్న కథలలో అలాంటి పరీక్షకు నిలిచినది లేదు. పైగా 1924 జూన్‌లో ఆయన ముఖ్య అనుచరుడు గాం గంటందొర కూడా నేలకొరగడంతో ఉద్యమం ఆగిపోయింది; నాయకుడు బతికే ఉంటే ఆ మౌనానికి అర్థం చెప్పడం కష్టం.

అపోహ: ఆయనకు భవిష్యత్తు తెలుసు, తూటాలు ఆయనను తాకవు.

వాస్తవం: జ్యోతిషం, మూలికా వైద్యం నేర్చినవాడు కావడం, కృష్ణదేవిపేటలో తపస్సు చేసుకుంటూ తగవులు తీర్చడం వల్ల కొండవాళ్ళలో ఈ నమ్మకం బలపడింది. ఇది మన్యానికే ప్రత్యేకమైనదీ కాదు: 1905లో జర్మన్ తూర్పు ఆఫ్రికాలో తిరగబడ్డవారు, మంత్రించిన నీరు తూటాలను నీళ్ళుగా మారుస్తుందని నమ్మారు, ‘మాజీ మాజీ’ అనే ఆ తిరుగుబాటు పేరుకు నీరని అర్థం. సందేశానికి మిరపకాయ కట్టి పంపే ‘మిరపకాయ టపా’ ద్వారా దాడిని ముందే చెప్పడాన్ని జోస్యంగా చెప్పుకోవడం మరింత వింత. దాడి చేయబోయేవాడు తన నిర్ణయాన్ని తానే ప్రకటిస్తే అది హెచ్చరిక అవుతుంది గాని సోది కాదు. ఆ సాహసానికి మూల్యం కూడా చెల్లించవలసి వచ్చింది: ముందుగా తెలిసిన ఠాణాలలో పోలీసులు ఆయుధాలను తప్పించగలిగారు. ఇక కొండవాళ్ళు ఆయన వెంట నడవడానికి మహిమ ఒక్కటే చాలేది కాదు. 1882 అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని (అడవి నరికి, కాల్చి, ఆ నేలలో విత్తే సేద్యం) అడ్డుకోగా, నర్సీపట్నం నుంచి చింతపల్లికి వేసే రోడ్డు పనిలో గూడెం తహసీల్దారు బాస్టియన్ సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు.

ఈ అపోహలలో ముఖానికి సంబంధించినదాన్ని సరిదిద్దడం అన్నిటికంటే సులువు. పాఠ్యపుస్తకాలూ, పత్రికలూ సీతారామరాజు బొమ్మ వేసిన ప్రతిచోటా కింద ‘చిత్రకారుని ఊహ’ అన్న రెండు మాటలు చేర్చాలి.