కత్తెర పట్టే ముందు

జాకెట్టు ఒంటికి సరిగ్గా అమరకపోతే కుట్టు బాగాలేదంటాం. చాలాసార్లు లోపం కటింగ్‌లో ఉంటుంది. కుట్టు తప్పితే విప్పి మళ్లీ వేసుకోవచ్చు, తప్పు కోసిన పీసును ఏమీ చేయలేం.

మొదటి పని లైనింగ్ తడపడం. నూలుగుడ్డ నీళ్లు తగిలితే కుదించుకుపోతుంది. తడపకుండా కోసి కుడితే మొదటి ఉతుకుకే లోపలి గుడ్డ బిగిసి, పైగుడ్డ ముడతలు పడుతుంది. నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కొలతలు గీయాలి.

తర్వాత పోగు చూడాలి. దుకాణంలో చించి ఇచ్చిన గుడ్డ కొస పోగు వెంటే ఉంటుంది. కత్తెరతో కోసి ఇచ్చినదాన్ని నమ్మలేం. కొస దగ్గర ఒక పేక పోగును సూదిమొనతో లేపి మెల్లగా లాగండి. గుడ్డ ఆ దారిలో కుచ్చులా ముడుచుకుంటుంది, పోగు వచ్చేశాక సన్నటి గీత మిగులుతుంది. నిజమైన అడ్డం అదే. వెనక భాగం, చేతులు మామూలుగా పడుగు నిలువుగా వచ్చేలా కోస్తారు. క్రాస్ కట్ జాకెట్టులో ముందు భాగాన్ని మాత్రం కావాలనే ఐమూలగా వేస్తారు. అలా వేస్తే గుడ్డ సాగి ఒంటికి హత్తుకుంటుంది. దానికి గుడ్డ ఎక్కువ పడుతుంది కాబట్టి, చిన్న పీసు తెచ్చి క్రాస్ కట్ అడిగితే టైలరు తటపటాయించడంలో న్యాయముంది.

కుట్టు నేర్పేచోట ముందు మిషన్ తొక్కించి, పోగు సంగతి తర్వాత చూద్దామంటారు. ఆ వరస తిరగబడాలని నా అభిప్రాయం.

ఛాతీ 36 అంగుళాలైతే నాలుగో వంతు 9. దానికి వదులు, కుట్టు కోసం విడిచే గుడ్డ కలిపి గీస్తారు. ఒక్కో వంతులో పావు అంగుళం తగ్గితే చుట్టుకొలతలో అంగుళం పోయినట్టే, హుక్కులు పట్టవు. మొద్దు చాక్‌తో లావుగా గీసి, ఒకచోట గీత లోపల, ఒకచోట బయట కోస్తే తేడాలు ఇలాగే వస్తాయి.

కోసేటప్పుడు గుడ్డను పైకి ఎత్తకూడదు. కత్తెర కింది భాగం బల్లను ఆనుకునే జరగాలి. జార్జెట్ లాంటి జారే గుడ్డ కింద పాత నూలు చీర పరిస్తే నిలకడగా ఉంటుంది. రెండు చేతులూ గుడ్డ మడతపెట్టి ఒకేసారి కోయాలి. చంక వంపు ముందువైపు కాస్త లోతుగా ఉంటుంది కనుక, విడివిడిగా కోస్తే రెండూ ఒకే పక్క చేతులయ్యే ప్రమాదముంది.

గుడ్డ కోసే కత్తెరను విడిగా దాచుకోండి, ఇంట్లో ఎవరడిగినా దాంతో కాగితం కోయనివ్వకండి.